నిటారు మనిషికి గూని కోటు

మా పెళ్లి ఆల్బమ్ ఎప్పుడైనా మీ చేతికొస్తే రెండు వింతలు కనిపిస్తాయి. మొదటి సగం ఫొటోల్లో పెళ్లికొడుకు కింద పడిపోయిన ఉంగరాన్ని వెతుక్కుంటున్నట్టు ఉంటాడు. రెండో సగంలో నిటారుగానే ఉంటాడు కానీ, పెళ్లికూతురికి ఒక్క చెయ్యే ఉంటుంది. మొదటి సగం చూసి, మా చర్చిలో ఒక పెద్దాయన యువకుల కూటంలో వినయం గురించి మాట్లాడుతూ నన్నే ఉదాహరణగా చెప్పాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అది వినయం కాదండీ బాబూ, వెధవతనం. ఆరేళ్లుగా దాచుకున్న ఆ ఘోరాన్ని ఇవాళ మీ ముందు కక్కేస్తున్నాను.

మాది లాలాగూడ. ఆఫీసులో పగలంతా కంప్యూటర్ ముందు, ఇంటికొచ్చాక ఫోన్ ముందు ఒంగి ఒంగి, ఇరవై తొమ్మిదేళ్లకే నా భుజాలు ముందుకు ముడుచుకుపోయాయి. ఏ గదిలోకి వెళ్లినా నాకంటే ముందు నా తల వెళ్లేది. దాని గురించి నేనెప్పుడూ బెంగపడలేదు. నా వీపు నాకు కనపడదు కదా!

షారోన్‌కి కనపడింది. ఉంగరాలు మార్చుకున్న ప్రధానం ఫొటోలు వచ్చిన రోజు ఫోన్ చేసింది.

"సంజీవ్, నువ్వు నాకంటే పొట్టివాడివా?"

"కాదే, ఇద్దరం సమానమేగా!"

"మరి ఫొటోలో నా చెవి దగ్గరే ఆగిపోయావేంటి? మా అమ్మమ్మ చూసి 'అబ్బాయికి నడుంనొప్పా' అని రెండుసార్లు అడిగింది. నాకు ఇంకేం వద్దు. పెళ్లిరోజు నా పక్కన నిటారుగా నిలబడు, చాలు."

నవ్వుతూనే అంది. కానీ అమ్మమ్మ మాట గట్టిగానే గుచ్చుకుందని గొంతులో తెలిసిపోయింది. షారోనంటే నాకు ప్రాణం. "నిలబడతా, చూడు" అని మాటిచ్చేశాను.

మా వాళ్లలో పెళ్లికొడుకు సూటు బట్ట ఆడపెళ్లివారు పెడతారు. ఆ శనివారమే మామగారు ముదురు నీలం బట్ట చంకలో పెట్టుకుని నన్ను బొల్లారంలో నర్సింగ్ మాస్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. మాస్టర్ నలభై ఏళ్లు కంటోన్మెంటు ఆఫీసర్లకు కుట్టిన మనిషి. టేపు తీసే ముందే నా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఏంది బిడ్డా, గిట్ల వంగినవ్? కంప్యూటరా?"

"అవును మాస్టర్."

"ఫికర్ జెయ్యకు. వీపుకు బట్ట జెర ఎక్కువ ఇడుస్త, ముందట జెర తగ్గిస్త. నువ్వు వంగినా నా కోటు వంగది."

పెద్ద తెలిసినవాడిలా తలూపాను. అంటే ఆ కోటు నా గూనికి కొలిచి కుడుతున్నాడన్నమాట. ఆ ముక్క అప్పుడే బుర్రకెక్కి ఉంటే మీకీ కథ చదివే శ్రమ తప్పేది.

మర్నాడు ఆరాధన అయ్యాక రాణి ఆంటీని పట్టుకున్నాను. ఆవిడ మా చర్చి క్వయర్‌లో పాడతారు, ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేసి రిటైరయ్యారు. నన్ను వాళ్లింటి గోడకు నిలబెట్టి, మడమలు, నడుం, వీపు, తల అన్నీ ఆనించమన్నారు. అన్నీ ఆనాయి, తల తప్ప. తలకీ గోడకీ మధ్య లావుపాటి బైబిలు పట్టేంత సందు.

"తల ఆనట్లేదు ఆంటీ."

"ఆనుతుంది నాన్నా. గోడెక్కడికీ పోదు. రోజూ నువ్వే దాని దగ్గరికి రా, మీ ఇంటి గోడైనా సరే."

ఇక చూడండి నా తపస్సు. పొద్దున్నే గోడకు ఆనుకుని రెండు చేతులూ పైకెత్తడం, దించడం. కిటికీ ఊచకు రబ్బరు బ్యాండు కట్టి వీపు మీది రెక్కల ఎముకలు దగ్గరపడేలా లాగడం. మూడోది గడ్డాన్ని వెనక్కి లాగడం. ఇది ఎక్కడైనా చెయ్యొచ్చని ఆంటీ అన్నారని నేను ఆఫీసు మీటింగులో చేశాను. మా మేనేజరు మాట్లాడటం ఆపేసి, "నేను చెప్పింది అంత కంపు కొడుతోందా?" అనడిగాడు.

ఇంట్లో అమ్మ మొదటిరోజు కాఫీ గ్లాసుతో వచ్చి, గోడకు అంటుకుని చేతులెత్తి నిలబడ్డ నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏరా, పోలీసులొచ్చారా?"

"వీపు సరిచేసుకుంటున్నానమ్మా. షారోన్‌కి మాత్రం చెప్పకు. పెళ్లిరోజు చూసి అదిరిపోవాలి."

ఏడో వారం ఒక పొద్దున నా తల గోడకు తగిలింది. మెల్లగా, ఏ కష్టం లేకుండా. అద్దంలో చూసుకుంటే ఎవరో మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రాడు! ఆ ఆనందంలో అమ్మను ఎత్తుకుని తిప్పబోయాను. "ఉన్న వీపు విరగ్గొట్టుకోకు" అని తిట్టింది.

ఇంకో పది రోజుల్లో పెళ్లనగా మాస్టర్ ట్రయల్‌కి రమ్మన్నాడు. వెళ్లేసరికి మామగారితో పాటు షారోన్ కూడా ఉంది. గుమ్మం దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు నిటారుగా వెళ్తే ఏడు వారాల రహస్యం ఇక్కడే బయటపడుతుంది. అప్పుడు నా బుర్రకు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. అలాంటివి నాకు ఏడాదికొకటి వస్తాయి, వచ్చినప్పుడల్లా ఇల్లు మునుగుతుంది.

భుజాలు ముందుకు ముడిచి, మెడ చాచి, పాత సంజీవ్‌నై లోపలికి నడిచాను.

కోటు వేసుకుంటే ఒంటికి అతికినట్టు సరిపోయింది. "సూడుండ్రి, ఎట్ల కూసున్నదో!" అని మాస్టర్ మురిసిపోయాడు. షారోన్ నన్ను పైకీ కిందికీ చూసి, "బాగుంది" అని రోడ్డు వైపు తిరిగింది. ఆ ముఖం చూసి నేను జాలిపడాలా? లేదు, లోలోపల చంకలు గుద్దుకున్నాను. పది రోజులాగు పిల్లా, నీకు కళ్లు తిరుగుతాయి అనుకున్నాను.

పెళ్లిరోజు కళ్లు తిరిగింది నాకు.

పొద్దున్నే స్నానం చేసి, తెల్ల చొక్కా మీద కోటు వేసుకుని, ఛాతీ విరిచి అద్దం ముందు నిలబడ్డాను. కాలరు నా మెడకు దూరంగా వెళ్లి నిలబడింది. మెడ కింద బట్టంతా మడతలు పడి సంచిలా వేలాడింది. ముందువైపు అంచు పైకి లేచి బెల్టు బయటపెట్టింది.

"ఇదెవరి కోటురా?" అంది అమ్మ.

"నాదే."

"మరి నువ్వెవరివిరా?"

అదృష్టం కొద్దీ మాస్టర్‌ని కూడా పెళ్లికి పిలిచాం. ఫోన్ చేస్తే స్కూటరు మీద ఉన్నపళాన వచ్చాడు. నా చుట్టూ రెండుసార్లు తిరిగి తల పట్టుకున్నాడు.

"గా దినం ట్రయల్‌కు వంగొచ్చింది ఎవరు?"

"నేనే మాస్టర్."

"గీ నిటారుగ నిలబడ్డది?"

"ఇదీ నేనే."

"మరి నేను ఎవ్వనికి కుట్టిన? నాకెందుకు చెప్పలే?"

ఉన్నదంతా చెప్పాను. కోపం రావాల్సిన మనిషికి నవ్వొచ్చింది. స్టూలు మీద కూలబడి నవ్వాడు.

"ఇప్పుడు సరిచెయ్యలేరా?"

"వీపు ముక్క మొత్తం ఇప్పాలె. గంట సేపట్ల అయ్యే పనా?"

"వెనక మడిచి పిన్నులు పెడితే?"

"చర్చిల అందరు నీ వీపే సూస్తరు. నా ఇజ్జత్ ఏం గావాలె? ఒక పని జెయ్. జెర పాత మనిషివైపో."

కొంచెం వంగాను. "ఇంకా జెర." ఇంకా వంగాను. "ఆ! బస్! గట్లనే ఉండు!" కోటు దివ్యంగా సర్దుకుంది. ఏడు వారాలు కష్టపడి నిలబెట్టుకున్న వీపును నా చేతులారా మళ్లీ వంచేశాను. అక్కడే ఏడుపొచ్చింది.

చర్చిలో షారోన్ తెల్లచీరలో, తల మీద ముసుగుతో నాన్న చెయ్యి పట్టుకుని వచ్చింది. ఎంత బాగుందో సరిగా చూడటానికి కూడా లేదు, నేను నేలచూపుల్లో ఉన్నాను. పక్కకొచ్చి నిలబడి గుసగుసగా అంది, "మాటిచ్చావు."

"కోటు ఒప్పుకోవట్లేదు."

"ఏంటీ?"

పాస్టరుగారు కళ్లద్దాల మీదుగా చూశారు. "పెళ్లికొడుకు నేలను కాదు, పెళ్లికూతురిని చూడాలి." చర్చంతా ఘొల్లుమంది. షారోన్ నవ్వలేదు.

తర్వాత స్టేజీ మీద ఫొటోలు మొదలయ్యాయి. మొదటి వరుసలో అమ్మమ్మ కూర్చుని నా నడుం వైపే చూస్తోంది. షారోన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్కటే కదా అడిగాను" అంది. ఇక నా వల్ల కాలేదు.

"నా కాలరు వెనక చెయ్యి పెట్టు" అని చెప్పి నిటారుగా లేచాను. ఆమె చెయ్యి మణికట్టు దాకా లోపలికి వెళ్లిపోయింది. "ఇదేంటిది?" అంది. గోడ, రబ్బరు బ్యాండు, ట్రయలు అన్నీ గబగబా చెప్పేశాను.

"అంటే ఆ రోజు... కావాలని వంగావా?"

"నువ్వు అదిరిపోవాలని."

షారోన్ పొట్ట పట్టుకుని, ముసుగు జారిపోయేంతగా వంగి వంగి నవ్వింది. ఆమె నవ్వితే నేనూ నవ్వాను. కింద నుంచి మాస్టర్ కేకేశాడు: "బిడ్డా, వెనక గా మడతను గట్టిగ పట్టుకో! ముంగటికెల్లి కానరాదు!"

ఆ మడతను ఆమె కుడిచేత్తో గుప్పిట పట్టింది. కోటు సర్దుకుంది, నేను నిలబడ్డాను. చుట్టాలందరితో ఫొటోలు అయ్యేదాకా ఆ గుప్పిట వదల్లేదు. అమ్మమ్మ స్టేజీ ఎక్కి నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడు తగ్గింది నొప్పి" అంది.

వారంలో మాస్టర్ కోటు విప్పి నిటారు మనిషికి సరిచేసిచ్చాడు. కథ అక్కడ అయిపోవాలి. కానీ పెళ్లయ్యాక నేను గోడ మానేశాను. వంట బాగుంది, సోఫా మెత్తగా ఉంది, ఫోన్ చేతిలోనే ఉంది. పోయిన నెల బామ్మర్ది పెళ్లని కోటు తీసి వేసుకుంటే ముందు అంచు తొడల మీదికి జారింది, వెనక అంచు గాల్లోకి లేచింది. సిగ్గు విడిచి మాస్టర్‌కి ఫోన్ చేశాను.

"మాస్టర్, కోటు మళ్లీ..."

"నేను కోటు ముట్ట," అన్నాడు. "గీసారి మనిషిని దిద్దుకో."

కాబట్టి పాఠకమహాశయులారా, బొల్లారం వైపు తిరిగి, కుడిచెయ్యి టేపు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను: కొలతలు తీసేవాడి ముందు నా వీపు గురించి ఈ జన్మలో అబద్ధమాడను. ఎవరినీ అదరగొట్టను. ఇది గోడసాక్షిగా చేస్తున్న ప్రమాణం, ఎందుకంటే రాణి ఆంటీ గోడకే ఆనుకుని ఉన్నాను. తల ఇంకా ఆనలేదు.