గుండీల కార్ఖానాలో మూడు కాపురాలు

నా చిన్నప్పుడు, ఒక వానాకాలం, మెట్టుగూడలో మా ఇంటి వెనుక గోడ కూలిపోయింది. మా వరుసలోనే మరో రెండిళ్లకూ అదే గతి పట్టింది. వీధి చివర మూతపడిన గుండీల కార్ఖానా ఒకటి ఉండేది. తిరుమలగిరి సిపాయిల కోట్లకు ఇత్తడి గుండీలు ఒకప్పుడు అక్కడే తయారయ్యేవట. ఇళ్లు బాగయ్యేదాకా అందులో ఉండమని దాని యజమాని తాళం తీసి ఇచ్చాడు.

లోపల గదులే లేవు. ఒకటే పొడవాటి హాలు, రాతి గోడలు, అందనంత ఎత్తులో కిటికీలు. ఒక పక్క చెక్క మెట్లెక్కితే, సరుకు దాచుకునే పెద్ద అటక. సామాను దించీ దించకముందే తగువు మొదలైంది. కింద నేలంతా చెమ్మ. అటక అందరికీ కావాలి. మా నాన్నా, రైల్వేలో పనిచేసే పక్కింటి చిన్నాయనా మాటా మాటా అనుకున్నారు. మూడో ఇంటి అక్క తరఫున మాట్లాడేవాళ్లు లేరు. భర్త లారీ మీద దూరం పోయాడు. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చుండిపోయింది.

ముందు తాడు కట్టి, గోనెపట్టాలు వేలాడదీసి హాలును భాగాలు చేద్దామన్నారు. తాడు మా సామానులోనే ఉంది. నాన్న అడిగితే, మా నాయనమ్మ తన పరుపుచుట్ట మీద నుంచి కదలకుండా, "యాడ పెట్టిన్నో యాదికొస్తలేదు కొడుకా. ఎందుకింత పరేషాన్? జెర ఆగుండ్రి, దొరుకుతది" అంది. తాడు ఆ చుట్టలోనే ఉందని నాకు తెలుసు. నోరు తెరవబోతే తొడ మీద మెల్లగా గిచ్చింది.

బయట వాన తెరిపివ్వలేదు. కొత్త తాడు కోసం ఎవరూ బజారుకు పోలేదు. అలా కొన్నాళ్లు ఏ అడ్డూ లేకుండానే బతికాం. కట్టెలన్నీ తడిసిపోవడంతో అందరి వంటా ఒకే పొయ్యి మీద. చిన్నాయన రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే, పైకిటికీల వెలుతురు ముఖాన పడి దొర్లుతూ ఉండేవాడు. చంటిబిడ్డ దగ్గు హాలంతా వినిపించేది. దగ్గినప్పుడల్లా ఎవరి పని వాళ్లు ఆపేసి అటే చూసేవాళ్లు.

ఒక పొద్దున డ్యూటీ దిగివచ్చిన చిన్నాయనే అన్నాడు. "అన్నా, అటక ఆ పిల్లతల్లికిద్దాం. గీ చెమ్మల పసిగుడ్డు ఎట్ల తట్టుకుంటది? నాకు అటక కింద చీకట్ల ఇంత జాగ ఉంటే సాలు."

నాన్న అటక మెట్ల వైపు, నాయనమ్మ వైపు చూశాడు. తర్వాత, "మా అమ్మతోని సుత మెట్లెక్కుడు కాదు. మేం తలుపు కాడ ఉంటం" అన్నాడు.

అప్పుడు నాయనమ్మ పరుపు విప్పి, "అగో, గీడనే ఉంది సూడు!" అంటూ తాడు తీసింది. నాన్న కోపం తెచ్చుకోబోయి నవ్వేశాడు. అక్క బిడ్డనెత్తుకుని మెట్లెక్కుతుంటే, చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, వెనకే ఆమె పక్కబట్టలు మోసుకుపోయింది.

ఎందుకు దాచావని తర్వాత అడిగాను. "మనుషులు తెల్వకముందే అడ్డం కడితే, అవుతలోళ్లు ఇగ ఎన్నటికీ తెల్వరు బిడ్డా" అంది.

ఇప్పుడు ఆ కార్ఖానాను ఫ్లాట్లుగా మార్చారు. రాతి గోడలు, ఎత్తు కిటికీలు అలాగే ఉంచి, ప్రతి ఇంట్లోనూ పైన చెక్క అంతస్తు వేశారు. మా అమ్మాయి అందులో ఒకటి తీసుకుంది. నేనూ తనతోనే ఉంటున్నాను. మధ్యలో మిగిలిన ఖాళీ జాగాలో జిమ్ కావాలని కొందరు, గుడి కావాలని కొందరు మీటింగులో అరుచుకున్నారు. కొన్నాళ్లు ఖాళీగానే ఉంచి చూద్దామన్నాను. పెద్దదాన్నని ఒప్పుకున్నారు. ఈమధ్య సాయంత్రాలు పిల్లలు అక్కడ సైకిల్ నేర్చుకుంటున్నారు. కాప్రా నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆపరేషనైన కాలితో గోడ పట్టుకుని నడుస్తాడు. జిమ్ కోసం అందరికంటే గట్టిగా అరిచిన కుర్రాడే నిన్న ఆయనకు కుర్చీ తెచ్చి వేశాడు.

ఎవరితో తగువొచ్చినా, వాళ్ల పొద్దు ఎలా గడుస్తోందో ముందు కాస్త దగ్గరి నుంచి చూడటం నాకు ఆ వానాకాలంలోనే అలవాటైంది. చాలా తగువులు ఆ చూపుతోనే తీరిపోయాయి. తీరనివీ కొన్ని ఉన్నాయి. వాటి విషయంలో నేనింకా తొందరపడటం లేదు.