అంగడి మరాఠీ

పోయిన నెల మా పక్కింటి కోడలు నాలుగేళ్ల కొడుకును నాగపూర్‌లో ఒక డాక్టరుకు చూపించడానికి వెళ్తూ నన్ను తోడు రమ్మంది. పిల్లవాడికి ఇంకా మాటలు రాలేదు, పిలిస్తే తిరిగి చూడడు. డాక్టరమ్మ చిన్న వయసుది. ఓపిగ్గా అన్నీ అడిగి, చివర్లో, ఇంట్లో మీరు ఏ భాష మాట్లాడుకుంటారో పిల్లవాడితోనూ అదే మాట్లాడండి, మానకండి అంది. మాత్ర భోజనం తర్వాత వేసుకోమన్నంత మామూలుగా చెప్పింది. పక్కింటి కోడలు అంతే మామూలుగా తలూపింది. నేను మాత్రం అక్కడ కూర్చోలేక వరండాలోకి వెళ్లి, దాహం లేకపోయినా రెండు గ్లాసుల నీళ్లు తాగాను.

నా చిన్నతనంలో మహారాష్ట్రలోని బొగ్గు గనుల ఊరు చంద్రపూర్‌లో మాది కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి బొగ్గు నుసి పడేది, దానికి అమ్మ రోజూ కొత్తగా ఆశ్చర్యపోయేది. ఆమెది రాజురా అవతల పత్తి పండించే తెలుగు పల్లె. నాయనకు మూడు భాషలు వచ్చు, మూడింటిలోనూ ఒకే తీరుగా విసుక్కునేవాడు. నాకన్నా మూడేళ్లు చిన్నవాడు మా తమ్ముడు. పన్నెండేళ్లు వచ్చినా వాడికున్నవి అమ్మ, బువ్వ, వద్దు, బయటికి వంటి నాలుగైదు మాటలే. గుమ్మం ముందు చెప్పులన్నీ ఒకే వరసలో ఉండాలి, ఒకటి పక్కకు జరిగితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు. అమ్మ మాత్రం వాడితో ఆగకుండా మాట్లాడేది. "గిట్ల కూసో కొడుకా, గీ బుక్క తిను, మీ మామ వస్తుండు, నీకు రేగువండ్లు తెస్తుండు" అంటూ నీళ్లు పోస్తూ, తల దువ్వుతూ, అన్నం కలుపుతూ ఊళ్లో సంగతులన్నీ చెప్పేది. వాడు ఎటో చూసేవాడు. కానీ ఆమె మాట ఆపితే చాలు, ఆమె గడ్డం మీద వేలితో తట్టేవాడు. అమ్మ నవ్వి మళ్లీ మొదలుపెట్టేది.

బాబుపేట్‌లో రెండు గదులు అద్దెకు తీసుకుని ఇలాంటి పిల్లలకోసం బడి పెట్టారని తెలిసి నాయన వాడిని చేర్పించాడు. బోర్డు మీద మరాఠీలో మతిమంద్, అంటే మందబుద్ధి అని రాసి ఉండేది. నాయన ఆ మాట ఎన్నడూ పలకలేదు, ఎవరడిగినా బాబుపేట్ బడి అనేవాడు. అక్కడ ఒక్కో పిల్లవాడి బాధ్యత ఒక్కో టీచరుది. చదువే కాదు, ఆసుపత్రి, బస్సు పాసు, ఇంట్లో తిండి, నిద్ర, అన్నీ ఆమే చూడాలి. మా తమ్ముడికి దొరికినామె మరాఠీ ఆమె, అక్కడివాళ్ల తీరులో మేమంతా తాయి, అంటే అక్క అనేవాళ్లం. పాతికేళ్లుంటాయేమో, మోపెడ్ మీద వచ్చేది. కత్తెర చూస్తేనే పారిపోయే మావాడిని వారం రోజులు మంగలి దుకాణానికి ఊరికే తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టి తీసుకొచ్చింది. ఆ తర్వాత వాడే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ ఆ రోజు తాయికి పూరీలు చేసి పెట్టింది.

అందుకే ఆమె ఏం చెప్పినా మాకు వేదమే. ఒకరోజు తాయి నాయనతో, బడిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష అయితే పిల్లవాడు రెంటి మధ్యా నలిగిపోతాడు, ఇంట్లోనూ మరాఠీలోనే మాట్లాడండి అంది. ఆమెకు టీచరు శిక్షణలో అలాగే నేర్పారు. వాడు తెలుగు మాట అంటే, తాయి పెదాల మీద వేలు పెట్టుకుని "మరాఠీత్", అంటే మరాఠీలో అని, ఆ మాటను మరాఠీలో చెప్పి మళ్లీ అనిపించేది. మమ్మల్నీ అలాగే చేయమంది. నాయన లోపలికి వచ్చి అమ్మకు చెప్పాడు. అమ్మ బియ్యం చేట కింద పెట్టింది.

"నాకేం మరాఠీ వస్తది? వానితోని ఏం మాట్లాడాలె?" అంది.

"వచ్చినంత మాట్లాడు. పోరడు బాగుపడుడు ముఖ్యం" అన్నాడు నాయన.

అమ్మకు వచ్చింది అంగడి మరాఠీ. కితీ, కమీ కరా, తాజం ఆహే కా, నకో, ఘ్యా. ఎంత, తగ్గించు, తాజాదేనా, వద్దు, తీసుకోండి. కొడుకుతో మాట్లాడటానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు. అన్నం వడ్డిస్తూ "కితీ?" అనేది. ముద్ద నోటి దగ్గర పెట్టి "ఘ్యా, ఘ్యా" అనేది. అది మర్యాద మాట, కూరగాయల వాళ్లతో అనేది. నాయన పగలబడి నవ్వి "ఏందే, కొడుకును మీరంటున్నవ్, ఆకుకూర బేరం జేస్తున్నవా?" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. అమ్మ కూడా మొదట్లో నవ్వింది. తర్వాత నీళ్లు పోసేటప్పుడు చెంబు చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. వాడు గడ్డం తట్టేవాడు. అమ్మ వాడి ముఖం చూసి "కితీ" అని ఊరుకునేది. కొన్నాళ్లకు వాడు తట్టడం మానేశాడు.

తాయి చెప్పినట్టే ఫలితమూ కనిపించింది, అది కాదనలేను. ఏడాదిలో వాడికి పాణీ, బస్, ఘరీ వచ్చాయి, నీళ్లు, బస్సు, ఇంటికి అని. మొదటిసారి అమ్మా అనకుండా మరాఠీలో "ఆయీ" అని పిలిచినప్పుడు, ఎవరిని పిలుస్తున్నాడోనని అమ్మ వెనక్కి తిరిగి చూసింది. నాయన దుకాణంలో గిరాకీలకు పాల పేడాలు పంచాడు. అమ్మ కూడా ఒకటి తింది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం తమ్ముడు కూలరు ముందు చాప మీద నిద్రపోతున్నాడు. అమ్మ పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, నిద్రపోతున్న పిల్లవాడితో మెల్లగా తెలుగులో మాట్లాడుతోంది. రోజూ అలాగే మాట్లాడేది, నాకది అలవాటైపోయింది. ఏదో కాగితం కోసం వచ్చిన తాయి గుమ్మంలో ఆగిపోయింది. నేను లేవబోతే వద్దని చెయ్యి ఊపి, ఏం చెప్తోంది అని గుసగుసగా అడిగింది. నేను మరాఠీలో చెప్పాను. మామ ఇంట్లో బర్రె ఈనింది, జున్ను పంపిస్తాడట అంటోంది. నిన్న నీ అంగీ గుండీలు నువ్వే పెట్టుకున్నావు కొడుకా, నేను చూసిన, ఏమనాలో తెల్వక ఊకున్న అంటోంది.

మేలుకున్నప్పుడు ఎందుకు చెప్పదు అంది తాయి.

మీరే వద్దన్నారు కదా అన్నాను.

 తాయి కాగితం సంగతి కూడా మరచిపోయి వెళ్లిపోయింది. వారం తర్వాత వచ్చి, గిరాకీల ముందే నాయనతో, నేను చెప్పింది తప్పు, ఆమెను ఆమె భాషలో మాట్లాడనివ్వండి అంది. నాయనకు చిరాకు వచ్చింది, కానీ అమ్మ ఆయన మాట కోసం ఆగలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుని వాడి ముందు కూర్చుని "బువ్వ తింటవా కొడుకా?" అంది. వాడు అరచెయ్యి తెచ్చి ఆమె నోటికి అడ్డం పెట్టాడు. "మరాఠీత్" అన్నాడు. కోపం లేదు, చెప్పును వరసలోకి జరిపినట్టే చేశాడు. ఆ చెయ్యి వెనక అమ్మ నవ్వింది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నాకు ఆ రోజు తాయి మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంటినుంచి పంపేయాలనిపించింది.

తాయి వెళ్లలేదు. ప్రతి శనివారం వచ్చేది. వాడు అమ్మ నోరు మూసేవాడు గానీ తాయి నోరు మూసేవాడు కాదు, నియమం పెట్టింది ఆమే కాబట్టి కాబోలు. అది గమనించి తాయి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టింది. అమ్మ వెనక కూర్చుని మెల్లగా అందించేది, తాయి వాడికి చెప్పేది. "బువ్వ తిన్నవ్ కా, కొడుకా?" అని తెలుగు ప్రశ్నకు మరాఠీ తోక తగిలించేది. అమ్మ "కా కాదు తాయి, తిన్నవా" అని దిద్దేది. వాడు కదలకుండా వినేవాడు. గుండీలు పెట్టుకున్న సంగతి అమ్మ చూసిందని వాడికి తాయి నోటనే తెలిసింది.

రెండేళ్లయ్యాక బాబుపేట్‌లో ఇంటి యజమానులు కాంప్లెక్స్ కట్టుకుంటామని బడి గదులు ఖాళీ చేయించారు, బడి మూతపడింది. తాయి పెళ్లయి గోండ్‌పిప్రి వెళ్లిపోయింది. అప్పటికి వాడి నోట తిరిగొచ్చిన తెలుగు బువ్వ ఒక్కటే. ఇక అమ్మే మరాఠీ నేర్చుకుంది. కొత్తగా వచ్చిన కేబుల్ టీవీ ముందు కూర్చుని, ఇది ఏమన్నట్టు, అది ఏమన్నట్టు అని నన్ను వేధించేది. కొడుకును నువ్వు అని పిలవడం వచ్చేసరికి ఆమె తల సగం నెరిసింది. ఆ తర్వాత ఎండ గురించి, తిండి గురించి వాళ్లిద్దరూ కాస్త కాస్త మాట్లాడుకునేవాళ్లు. అంతకన్నా లోపలి మాటలు ఆమెకు మరాఠీలో చివరిదాకా రాలేదు.

అమ్మ పోయినప్పుడు తాయి బస్సులో వచ్చింది. అప్పటిదాకా తమ్ముడు ఎవరితోనూ మాట్లాడలేదు, ఏడవలేదు. తాయి వెళ్లి పక్కన కూర్చోగానే ఆమె వైపు తిరిగి "ఆయీ కుఠే గేలీ?" అన్నాడు. అమ్మ ఎటు వెళ్లింది అని. వాడు ఒక ప్రశ్న మొత్తంగా అడగడం మేమెవరమూ అంతకుముందు వినలేదు. ఏ తప్పూ లేని మరాఠీ. అలా అడగగలగాలనే తాయి అంత కష్టపడింది. ఆమె నోరు తెరిచింది, మరాఠీలో ఏమీ రాలేదు, తెలుగులోనూ రాలేదు.

ఇప్పుడు తమ్ముడు నా దగ్గరే ఉంటాడు, గడ్డం నెరుస్తోంది. అన్నం ముందు కూర్చుని ఒక్కోసారి ఆగి, అదే ప్రశ్న అడుగుతాడు. అమ్మ పోయి మాకు చాలా ఏళ్లయింది. వాడికి మాత్రం ఇప్పుడే ఎటో వెళ్లింది.