చిన్నాయన చేతికి కుదిరిన జాయ్‌స్టిక్

నా చిన్నప్పుడు, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, కొల్లాపూర్ బస్టాండు దగ్గర మా చిన్నాయనకు ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. మా బాపుకు ఆయన ఒక్కడే తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు మిషను, అంతే ఆయన దుకాణం. పరీక్షల కాలంలో హాల్‌టికెట్లకూ ఫలితాలకూ పిల్లలు బారులు తీరేవారు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం పూట ఎవరూ వచ్చేవారు కాదు. అప్పుడు చిన్నాయన మూలనున్న అన్నిటికంటే పాత కంప్యూటరు ముందు కూర్చుని ఒక ఆట ఆడేవాడు. నేను బడి నుంచి నేరుగా అక్కడికే వెళ్లి పక్కనున్న స్టూలెక్కి చూసేదాన్ని.

అది నేను పుట్టకముందు వచ్చిన ఆట. నల్లటి తెర మీద చుక్కలు, వాటి మధ్య మన ఓడ. ఒక గ్రహం దగ్గర సరుకు నింపుకుని ఇంకో గ్రహం దగ్గర దించాలి. దారిలో దొంగల ఓడలు వెంటపడతాయి. బొమ్మలు మొరటుగా ఉండేవి, గ్రహాలు మూలలు తేలిన బంతుల్లా కనిపించేవి. అయినా చిన్నాయన చేతిలో ఆ ఓడ చేపపిల్లలా తిరిగేది. అన్నిటికంటే కష్టమైన పని, గిర్రున తిరుగుతున్న అంతరిక్ష స్టేషన్ ద్వారంలోకి ఓడను నేరుగా పోనివ్వడం. అది ఆయన మాట్లాడుతూనే చేసేసేవాడు.

నేను ఐదో తరగతిలో ఉండగా ఆయన చేతిలోంచి వస్తువులు జారడం మొదలైంది. మొదట చాయ్ గ్లాసు, తర్వాత తాళంచెవులు. కొన్నాళ్లకు దుకాణం షట్టరు ఎత్తడానికి పక్క దుకాణం వాళ్లను పిలవాల్సి వచ్చింది. మా అవ్వ అది నీరసమనుకుని రోజూ జొన్నరవ్వతో గట్క వండి తినిపించింది, ఆలంపూర్ పోయి జోగులాంబమ్మకు మొక్కుకుని వచ్చింది. చివరకు బాపు ఆయనను హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. తిరిగి వచ్చిన రోజు బాపు ఇంట్లోకి రాకుండా గడప మీదే కూర్చుండిపోయాడు. కండరాలు కొంచెం కొంచెంగా చచ్చుబడే జబ్బట. మందు లేదట. ఆ మాట నాకెవరూ చెప్పలేదు, అమ్మ వంటింట్లో అవ్వకు చెబుతుంటే విన్నాను.

సెంటర్ మూసేశారు. మూడు కంప్యూటర్లు అమ్మేశారు. ఆ పాతది మాత్రం మా ముందు గదిలో చిన్నాయన మంచం పక్కకు వచ్చింది. కానీ దాంతో ఆయనకు పని లేకుండా పోయింది. వేళ్లు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయేవి కావు. ఒక మీట నొక్కబోతే నాలుగు మీటలు పడేవి. ఓడ బొంగరంలా తిరిగి పేలిపోయేది. ఆయన నవ్వేవాడు, కాసేపటికి తెర ఆపెయ్యమనేవాడు.

బాపుకు తమ్ముడి మీద ప్రాణం. ఎవరినో అడిగి, ఆటలకు పనికొస్తుందంటే రెండు చేతులతో పట్టుకునే గేమ్‌ప్యాడ్ ఒకటి తెచ్చాడు. దాన్ని నడపాల్సింది బొటనవేళ్లతో. చిన్నాయనకు అందరికంటే ముందు పోయినవి ఆ బొటనవేళ్లే. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మంచిగున్నదన్నా" అన్నాడు. బాపు మొహం అటు తిప్పుకున్నాడు.

మర్నాడు చిన్నాయన నన్ను పిలిచి నోటుబుక్కు తెమ్మన్నాడు. ఆయన చెబుతుంటే నేను బొమ్మ గీశాను. కింద బరువైన దిమ్మ, దాని మీద నిలువుగా పిడి, గేరు రాడ్డులాంటిది. పిడి లావుగా ఉండాలి, గుప్పిట మొత్తంతో పట్టుకునేటట్లు. మీటలు రెండు చాలు. లోపలి స్ప్రింగు మెత్తగా ఉండాలి. మణికట్టూ మోచెయ్యీ ఇంకా కదులుతున్నాయి కాబట్టి వాటితో నడపాలని ఆయన ఆలోచన. ఆ కాగితం పట్టుకుని బాపు హైదరాబాదు పోయి, కోఠిలో పాత సామాన్లమ్మే దుకాణాలన్నీ తిరిగాడు. ఒకాయన కారు ఆటలకు వాడే స్టీరింగు అంటగట్టబోయాడట. బాపుకు ఆటల సంగతి ఏమీ తెలియదు, వేరుశనగ పండించే మనిషి. "చెయ్యి మొత్తం పట్టాలె, వేళ్లతోని పని ఉండొద్దు" అనే ఒక్క మాట మీద నిలబడి, చివరకు ఒక పాత జాయ్‌స్టిక్‌ను తువ్వాలలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు.

అప్పుడు దసరా సెలవులు. దాన్ని సరిచేయడానికి మాకు మూడు రోజులు పట్టింది. చిన్నాయన చెప్పేవాడు, మౌసు పట్టుకుని నేను చేసేదాన్ని. మొదటిరోజంతా ఆట ఆ జాయ్‌స్టిక్‌ను గుర్తుపట్టనే లేదు. ఎందుకో తెలియక నాకు ఏడుపొచ్చింది. తీరా చూస్తే బాపు తెచ్చిన గేమ్‌ప్యాడ్ వైరు వెనకాల ఇంకా తగిలించే ఉంది. పాత ఆట కదా, మొదట దొరికినదాన్నే చూస్తుంది, రెండోదాన్ని లెక్కచెయ్యదు. దాన్ని పీకేసి, జాయ్‌స్టిక్‌ను ఆట తెరవకముందే తగిలిస్తే అప్పుడు కదిలింది.

కదిలింది గానీ ఓడ ఎవరూ ముట్టుకోకుండానే ఎడమకు పోతూనే ఉంది. పాత జాయ్‌స్టిక్ కాబట్టి తన నడిమధ్య ఏదో అదే మరిచిపోయింది. కంప్యూటరు సెట్టింగుల్లో ఒక చిన్న డబ్బా, అందులో పిడితో పాటు కదిలే ఒక గుర్తు ఉంటాయి. పిడిని నాలుగు మూలలకూ తిప్పి, వదిలేసి, ఇదే నడిమధ్య అని దానికి మళ్లీ నేర్పాలి. తర్వాత డెడ్‌జోన్ పెట్టాము. అంటే మధ్యలో కొంత జాగా, అందులో పిడి కాస్త వణికినా ఆట పట్టించుకోదు. పిడిని వెనక్కి లాగితే ఓడ ముక్కు పైకి లేవాలని ఆయన, కిందికి పోవాలని నేను వాదించుకున్నాం. ఆయన మాటే నెగ్గింది. దిమ్మ జారిపోతుంటే అవ్వ కూర్చునే పీట మీద పెట్టి సైకిలు ట్యూబుతో బిగించి కట్టాము.

మూడోరోజు మధ్యాహ్నం చిన్నాయన ఓడను మెల్లగా స్టేషన్ ద్వారంలోకి పోనిచ్చాడు. ఒక్కసారి అంచుకు రాసుకుంది, అయినా లోపలికి పోయింది. ఆయన గట్టిగా అరిచాడు. దొడ్లో గొర్రెలకు నీళ్లు పెడుతున్న అవ్వ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. సంగతి చెబితే తల పట్టుకుని, "నీ పాడుగాను, నా పానం పోయింది కదరా" అని అక్కడే కూలబడి తానూ నవ్వింది.

ఆ సంతోషం సంక్రాంతి దాటేవరకు ఉంది. తర్వాత మోచేతికి కూడా బలం తగ్గసాగింది. పిడిని చివరిదాకా తిప్పలేకపోయేవాడు. దొంగల ఓడలు ఆయనను పట్టేసేవి. ఒకరోజు వరసగా ఐదుసార్లు ఓడిపోయి గోడవైపు తిరిగాడు. నాకు అది చూడబుద్ధి కాలేదు. మర్నాడు కీబోర్డును ఒళ్లో పెట్టుకుని దాని మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. ఆయన ఎటు తిప్పబోతున్నాడో చూసి నేనూ అటే మీట నొక్కేదాన్ని. ఓడ గెలిచింది. ఆ రోజూ గెలిచింది, ఆ తర్వాత వారమంతా గెలిచింది. ఆయన మొహం వెలిగిపోయింది. "నా చెయ్యి మల్ల వస్తుందేమో వదినా" అని అమ్మతో అన్నాడు. అమ్మ ఆ మాట అవ్వకు చెప్పింది. అవ్వ ఆలంపూర్ వైపు తిరిగి దండం పెట్టింది. నేను చేస్తున్నది ఎంత దూరం పోయిందో అప్పుడు కొంచెం అర్థమైంది. కానీ ఆపడం ఎట్లాగో తెలియలేదు. ఆపితే ఆయనకు మళ్లీ చెయ్యి పోయినట్లే కదా.

ఒకరోజు ఆట మధ్యలో ఆయన చెయ్యి పిడి మీద నుంచి జారి పరుపు మీద పడింది. నేను తెరనే చూస్తున్నాను, గమనించలేదు. ఓడ చక్కగా వంపు తిరిగి స్టేషన్ వైపు పోతూనే ఉంది. ఆయన మొహం చూద్దామని తల తిప్పాను. ఆయన ఓడను చూడటం లేదు, నా ఒళ్లో దుప్పటిని చూస్తున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు అన్నం కూడా వద్దన్నాడు.

మర్నాడు ఆయనే నన్ను పిలిచాడు. అమ్మతో, "వదినా, అన్న మేజోళ్లు రెండు తెచ్చి దీని కుడిచేతికి తొడుగు. పైనుంచి తడి తువ్వాల గట్టిగ చుట్టు" అన్నాడు. అమ్మకు అర్థం కాలేదు, కానీ చుట్టింది. నా చెయ్యి ముద్దలా, బరువుగా తయారైంది. ఏ వేలు ఎక్కడుందో నాకే తెలియలేదు. "ఇగ నడుపు" అన్నాడు. పిడి మీద చెయ్యి పెట్టి నడిపాను. ఓడ వెళ్లి ఒక రాయికి గుద్దుకుంది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ గుద్దుకుంది. నాలుగోసారికి పట్టు కాస్త దొరికింది. ముంజేతిని ఒరగబెట్టి నడిపితే ఓడ మాట వింటోంది. ద్వారం దగ్గర పడింది. సరిగ్గా అప్పుడు ఆయన అమ్మకు సైగ చేశాడు. అమ్మ నా చేతి మీద తన చెయ్యి వేసి పిడిని తిప్పింది. ఓడ సాఫీగా లోపలికి పోయింది.

"ముట్టుకోకు!" అని అరిచాను. "నేనే చేస్తుంటిని కదా! ఎందుకు ముట్టుకున్నవ్?"

అరిచాక నా గొంతు నాకే వినబడింది.

"గదే బిడ్డా" అన్నాడు చిన్నాయన మెల్లగా. "నేను ఓడిపోతే నేనే ఓడిపోవాలె. నువ్వు గెలిపిస్తే ఇగ ఆడ నేను లేనట్టే. అందరు నా చెయ్యి మంచిగైతాందని ఖుషీ అయితాన్రు. ఇప్పుడు ఆళ్లకు నేను ఏమని చెప్పాలె, చెప్పు?"

అమ్మ నా చేతి కట్టు విప్పుతూ ఏడ్చింది. అవ్వకు ఆ సంగతి ఆయనే చెప్పాడు, నన్ను చెప్పనివ్వలేదు. "మిషను తప్పు చూపించిందమ్మా" అన్నాడు. అవ్వ ఆ రోజు నుంచి ఆలంపూర్ ఊసు కూడా ఎత్తలేదు.

తర్వాత మేము జాయ్‌స్టిక్‌ను మళ్లీ మొదటి నుంచి సరిచేశాము. ఈసారి నేను ముందుగా అడిగాను, చెయ్యి ఎంత దూరం పోతోందని. పిడిని వేలెడంత కదిపితే చాలు, ఓడ మొత్తం తిరిగేటట్లు చేశాము. డెడ్‌జోన్ బాగా తగ్గించాము. దాంతో చెయ్యి వణికినప్పుడల్లా ఓడా వణికేది. "వణకనియ్" అన్నాడాయన. బాపు దిమ్మ విప్పి స్ప్రింగు తీసి, దాని స్థానంలో ఇంకా మెత్తనిది వేశాడు. దొంగలుండే దారులు మానేసి, ఊరికే సరుకు మోసే దారులు ఎంచుకున్నాము. ఓడిపోయినప్పుడు నేను పక్కన ఊరికే కూర్చునేదాన్ని. అది కీబోర్డు నొక్కడం కంటే ఎంతో కష్టంగా ఉండేది.

నెలకోసారి, తర్వాత వారానికోసారి సెట్టింగుల్లో అంకెలు మార్చాల్సి వచ్చేది. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు నడిచేది. ఎండాకాలం చివర ఒకరోజు ఆ చిన్న డబ్బాలో గుర్తు అస్సలు కదలలేదు. ఆయన చెయ్యి పిడి మీదే ఉంది. కదుపుతున్నానని చెబుతున్నాడు, నుదుటి మీద చెమట కనబడుతోంది. నేను అన్ని అంకెలూ చివరిదాకా జరిపాను. ఆ పైన జరపడానికి ఏమీ లేదు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ ఎంతసేపు కూర్చున్నానో నాకు గుర్తులేదు.

"చాలు బిడ్డా" అన్నాడు. "అయిపోయింది. ఇగ నువ్వు నడుపు, నేను చూస్త."

ఈసారి ఆయనే అడిగాడు కాబట్టి నడిపాను. ఎటు పోవాలో ఆయన చెప్పేవాడు. మాట ముద్దయ్యాక కళ్లతో చూపించేవాడు. మరుసటి వానాకాలంలో ఆయన పోయాడు. ఆ కంప్యూటరును ఇంట్లో ఎవరూ మళ్లీ తెరవలేదు.

ఇప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో నర్సుగా పని చేస్తున్నాను. పక్షవాతం వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే వార్డు నాది. నా తర్వాత చేరిన పిల్లలు నన్ను అక్కా అని పిలిచి, మంచం పక్కన ఉత్తగా ఎందుకు నిలబడతావని అడుగుతుంటారు. మొన్న ఒక ముసలాయన అంగీ గుండీలు పెట్టుకుంటున్నాడు. గొర్లు కాసే మనిషి, కుడిచెయ్యి పడిపోయింది. కొడుకు ఆగలేక చెయ్యి చాచాడు, నేను వద్దన్నాను. నా మీద కోపంతో అతను బయటికి పోయాడు. మొదటి గుండీకి చాలాసేపు పట్టింది. రెండోది పడలేదు. మళ్లీ ప్రయత్నించాడు, పడలేదు. నా చేతులు ఆ గుండీల వైపు లాగుతూనే ఉన్నాయి, వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఆయనకు ఏం చేస్తే బాగుంటుందో నాకు తెలియదు, ఆ చెయ్యి వస్తుందో రాదో డాక్టరుకే తెలియదు. చివరకు ఆయన తలెత్తి, "గిదొక్కటి నువ్వు పెట్టు బిడ్డా" అన్నాడు.

అప్పుడు వంగి ఆ ఒక్క గుండీ పెట్టాను. మూడోదాని దగ్గర మళ్లీ ఆగాను.