రెండో ఓటు

మొన్న సోమవారం మా పెద్దబాపు పోయాడు. మా బాపుకు అన్న, నన్ను పెంచినవాడు, ఊరికి పటేల్. మంచివాడని అందరూ అంటున్నారు. మంచివాడే. కానీ ఆయన ఇన్నేళ్లు మోసిన సిగ్గు మా ఇంట్లో అందరిదీ. రాయడానికి ఇప్పుడూ తల వంగిపోతోంది.

అన్నం ముందు కూర్చుంటే మొదట పనివాళ్లు తిన్నారా అని అడిగేవాడు. మా ఇంట్లో జీతం ఉండే హరిజన మనిషికి చుట్ట ముట్టించుకొమ్మని తన అగ్గిపెట్టె ఇచ్చేవాడు. చేతికి కాదు, విసిరేవాడు. రెండూ ఆయనే.

అప్పట్లో మా కరీంనగర్ సీటు నుంచి పార్లమెంటుకు ఇద్దరు వెళ్లేవారు. ఒకటి అందరిది, ఇంకోటి హరిజనులకు కేటాయించినది. ఏ కులం ఓటరుకైనా రెండు సీట్లకూ కలిపి రెండు కాగితాలు, నిలబడ్డ ఒక్కొక్కరికి ఒక డబ్బా. పోలింగుకు ముందు పెద్దబాపు మమ్మల్ని కూర్చోబెట్టాడు.

"ఒకటి మనోని డబ్బాల ఎయ్యుండ్రి. రెండోది ఇంటికి తీస్కరాండ్రి. వాళ్ల మనిషి సంగతి మనకెందుకు?"

అందరం అలాగే చేశాం. ఆయన కూడా. నేను కొంగున ముడేసుకొని తెచ్చాను. ఆ కాగితాలన్నీ పొయ్యిలోకి పోయాయి.

సాయంత్రం జీతగాడు పశువులను కట్టేసి వచ్చాడు. "పటేలా, ఒకటి మావోనికేసిన, రెండోది మీరు చెప్పినాయనకేసిన. మీరు గూడ మావోనికి ఏసిండ్రు గదా" అన్నాడు. అనుమానంతో అడగలేదు.

"ఏసిన" అన్నాడు పెద్దబాపు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

జీతగాడు ఆ మాట వాళ్ల వాడంతా సంబరంగా చెప్పుకున్నాడు. వాళ్లు ఎదురొచ్చి దండం పెడితే పెద్దబాపు మొహం తిప్పుకునేవాడు. నాతో ఒకసారి అన్నాడు: "మల్లొచ్చే ఎలక్షన్ల ఏస్త బిడ్డా. ఏసినంక, ముందుగాల ఎయ్యలేదని వానికి చెప్త. గట్లయితెనే నాకు నోరొస్తది."

అయిదేళ్లకు మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఈలోగా ఆ జంట సీటును విడదీశారు. హరిజనుల సీటు ఇంకో దిక్కుకు పోయింది, మా ఊరు ఇటే ఉండిపోయింది. ఆ సంగతి మా పెద్దబాపుకు తెలియదు. బడిలో పోలింగు. వరుసలో ఆయన వెనకే జీతగాడు, పక్కన ఆడవాళ్ల వరుసలో నేను. పెద్దబాపు పార్లమెంటు కాగితం తీసుకొని మళ్లీ చెయ్యి చాపాడు.

"ఇంకోటి" అన్నాడు.

"ఇప్పుడు పార్లమెంటుకు ఒక్కటే పటేల్‌గారూ" అన్నాడు ఆఫీసరు.

ఆ చెయ్యి అలాగే ఉంది. వెనక నుంచి జీతగాడు నవ్వుతూ మెల్లగా అన్నాడు: "ఫికర్ జెయ్యకుండ్రి పటేలా, పోయినసారి ఏసిండ్రు గదా."

పెద్దబాపు వెనక్కి తిరగలేదు. చాపిన చెయ్యి మాత్రం ఎంతసేపటికీ కిందికి దిగలేదు.