నేను రాయనివ్వని రెండు డంపులు

తను రాసిన ప్రోగ్రామ్ మధ్యలో ఆగి పడిపోవాలని దేవుడికి మొక్కుకున్న ప్రోగ్రామర్ ఈ గోదావరి జిల్లాల్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను. అన్నవరం స్వామికి మొక్కాను. వ్రతం చేయించుకుంటాను తండ్రీ, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి దాన్ని పడెయ్యి అని. పడితే పాడైపోయే గుడ్లు లోపల వేలకొద్దీ ఉన్నాయని తెలిసే మొక్కాను.

రాజమండ్రిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని హేచరీలకు కంట్రోలర్లు తయారుచేస్తాను. ఇంక్యుబేటర్‌లో వేడి ఎంతుండాలి, గుడ్ల ట్రేలు ఎప్పుడు వంచాలి, అన్నీ ఒక చిన్న పెట్టెలో ఉన్న నా ప్రోగ్రామే చూసుకుంటుంది. వంతెనకి అవతల ఒక పల్లెలో కోడిపిల్లలు తీసే హేచరీ ఉంది. అక్కడా నా పెట్టే ఉంది. ఆ హేచరీలో ఇరవయ్యేళ్ళుగా పనిచేసే ఆవిడని నేను పిన్నీ అంటాను, ఆవిడ నన్ను అమ్మాయిగారూ అంటుంది. ఇరవై ఒకటో రోజుకి పిల్ల కాని గుడ్లన్నీ ఆవిడ ముందు పెడతారు. ఒక్కొక్కటీ పగలగొట్టి, ఇది నాలుగో రోజు పోయింది, ఇది పధ్నాలుగో రోజు, అని చెప్పుకుంటూ పోతుంది. ఈకలు వచ్చాయా, తల ఎటు తిరిగింది, సొన ఎంత మిగిలింది, అన్నీ చూస్తుంది. "చచ్చిన గుడ్డులో అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయమ్మాయిగారూ, చూసుకోవాలంతే" అనేది.

కంప్యూటర్‌లోనూ అలాంటి ఏర్పాటే ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికీ పెద్దది కెర్నెల్. ఏ ప్రోగ్రామైనా తనది కాని చోట చెయ్యి పెట్టిందంటే కెర్నెల్ దాన్ని పట్టుకుని చంపేస్తుంది. చంపేముందు, ఆ క్షణాన దాని మెమరీలో ఏముందో ఒక ఫైల్లో రాసిపెడుతుంది. ఏ లైను మీద ఉంది, ఎవరు పిలిస్తే అక్కడికొచ్చింది, చేతిలో ఏ అంకె ఉంది, అంతా. దాన్నే కోర్ డంప్ అంటారు. ఎంత సైజు వరకు రాయొచ్చో మనం చెప్పాలి. సున్నా అన్నామంటే ఏమీ రాయదు. పెట్టెలో మెమరీ కార్డు చిన్నది, చోటు దండగ, నా ప్రోగ్రామ్ పడేదా చచ్చేదా అని నేను సున్నా పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఎండాకాలం మొదట్లో ఒక బ్యాచ్ గుడ్లు మాడిపోయాయి. కొన్నాళ్ళకి ఇంకో బ్యాచ్. రెండోసారి ఓనరుగారు గదిలోకి వచ్చేసరికి పిన్ని చెయ్యి పెట్టె స్విచ్ మీద ఉంది. "స్క్రీన్ కదలట్లేదండీ, అందుకని కట్టేసి మళ్ళీ వేశానండీ" అంది. వేయగానే పెట్టె శుభ్రంగా పనిచేసింది. ఇంక ఆయన నమ్ముతాడా? నాకు ఫోన్ చేశాడు.

"ఏంటండీ మేడంగారూ, మీ ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోద్దా?"

"ఛ, ఆగదండీ. ఎవరో స్విచ్ కట్టేసుంటారు."

అన్నం తింటూ అన్నాను ఆ మాట. కలుపుకున్న ముద్ద కూడా కింద పెట్టలేదు.

ఇంకోసారి ఇలా జరిగితే పని మానుకోవాల్సిందేనని ఆయన పిన్నికి చెప్పేశాడు. ఆవిడ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "ఇరవయ్యేళ్ళమ్మాయిగారూ! గుడ్డంటే ఏంటో ఎరగనా నేను? నేను చెయ్యి వేయకముందే ఆగిపోయిందండీ అది." పరిగెత్తుకుంటూ వెళ్ళి పెట్టె తెరిచి చూశాను. ఏముంటుంది, నా బొంద! రాయొద్దన్నది నేనే కదా. వారం రోజులు ప్రోగ్రామ్ మొత్తం లైను లైనూ చదివాను. మా ఆయన మీద ఊరికే విసుక్కున్నాను. తప్పు దొరకలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు వెళ్ళి ఆ సున్నా తీసేశాను. కార్డులో చోటు లేదు కాబట్టి, పెట్టె నడుస్తున్నంతసేపే నిలిచే మెమరీలో డంపు రాయించాను. అంటే ప్రోగ్రామ్ పడ్డాక ఎవరైనా స్విచ్ కట్టేశారంటే డంపు కూడా పోతుంది.

"ఈసారి ఆగితే ముట్టుకోకు పిన్నీ. నేను వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు. అందులో ఉంటుంది నీ తప్పు లేదన్న రుజువు" అన్నాను.

ఇక ఎదురుచూపులు. పడదే! రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ఆగిందా అని అడగడం, లేదండీ అంటే దిగులుపడటం. మనిషన్నవాళ్ళు చేయాల్సిన పనేనా? అప్పుడే మొక్కుకున్నాను. పిన్నికి చెబితే "అదేం పాడు మొక్కమ్మాయిగారూ" అని తిట్టి, తనూ దండం పెట్టుకుంది. పడితే దానంతట అదే లేచేలా నాలుగు లైన్లు రాసి ఉంటే గుడ్లూ దక్కేవి, డంపూ దక్కేది. ఆ బుద్ధి ఒక్కసారైనా పుట్టలేదు నాకు. పడటం చూడాలన్న ఆత్రమే తప్ప ఇంకోటి తోచలేదు.

పడింది. మిట్టమధ్యాహ్నం.

"అమ్మాయిగారూ, కరెంటు పోయిందని జనరేటర్ వేశారండీ, ఆగిపోయిందండీ! లోపల వేడెక్కిపోతందండీ!"

హీటర్ వెలుగుతుండగా పడింది. ఆర్పమని చెప్పాల్సిన ప్రోగ్రామ్ పోయింది. హీటర్‌కి వేరే స్విచ్ లేదు, పెట్టె స్విచ్ కట్టేస్తేనే ఆరుతుంది.

"తలుపులు తీసిపెట్టు పిన్నీ! స్విచ్ జోలికి మాత్రం వెళ్ళకు!"

స్కూటీ తీశాను. వంతెన మీద లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి ఉన్నాయి. హారన్ కొట్టుకుంటూ, ఏడ్చుకుంటూ, సందుల్లోంచి దూరుకుంటూ వెళ్ళాను. వెళ్ళేసరికి పిన్ని స్విచ్‌కి వీపు ఆనించి నిలబడి ఉంది. చీరంతా చెమటకి తడిసిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు అట్టముక్కలతో ట్రేలకి విసురుతున్నారు. ఎదురుగా ఓనరుగారు అరుస్తున్నాడు.

"తప్పుకో! గుడ్లు ఉడికిపోతన్నాయి!"

"తప్పుకోనండి. అమ్మాయిగారు వచ్చేదాకా తప్పుకోనండి."

పెట్టెకి ల్యాప్‌టాప్ తగిలించాను. ఫైలుంది! కాపీ చేసుకుని, ఇంక కట్టెయ్యి పిన్నీ అన్నాకగాని ఆవిడ కదల్లేదు. డంపు చదివి చూపించే డీబగ్గర్‌లో తెరిస్తే మొదటి వరుసలోనే నేను రాసిన ఫంక్షన్ కనపడింది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు వేడి చూసే సెన్సర్ జవాబివ్వదు. పెట్టెకి బ్యాటరీ ఉంది, సెన్సర్‌కి లేదు. సరిగ్గా ఆ క్షణంలో అడిగితే, రాని జవాబుని వచ్చిందనుకుని చదవబోయి నా ప్రోగ్రామ్ చచ్చింది. జవాబు వచ్చిందా లేదా అని చూడని ఒక్క లైను.

"చూడండీ, తప్పు నాది. ఆవిడది కాదు" అని స్క్రీన్ ఆయన వైపు తిప్పాను.

ఆయన స్క్రీన్ మీదికి వంగి చూశాడు. "ఇవాళ్టిది మీదే, ఒప్పుకున్నాను. ఆ రెండుసార్లదీ చూపించండి."

"లేదండీ. అప్పుడు రాయనివ్వలేదు నేను. కానీ అవీ ఇదేనండీ. నేనే చెబుతున్నాను కదండీ!"

"మీరు జాలిపడి చెబుతున్నారు మేడంగారూ. ఆవేళ మీరే కదండీ అన్నారు, ఎవరో స్విచ్ కట్టేసుంటారని?"

బతిమాలాను, కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆయన పిన్ని వైపు తిరిగాడు. "ఇవాళ గుడ్లు పోయింది కూడా నువ్వు అడ్డం నిలబడబట్టే. రేపట్నించి రావద్దు." నాతో మాత్రం మర్యాదగా, ఆ లైనేదో సరిచేసి వెళ్ళండి అన్నాడు.

పిన్ని హీటర్ పక్క ట్రేలోంచి ఒక గుడ్డు తీసి పగలగొట్టి చూసింది. "పన్నెండో రోజు. ఇవాళే పోయింది" అంది అలవాటుగా. చెయ్యి కడుక్కుని, టిఫిన్ డబ్బా తీసుకుని ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది. నేను కూర్చుని ఆ లైను సరిచేశాను.

వారం తిరక్కుండా ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"మొక్కు తీర్చుకున్నారా అమ్మాయిగారూ? ఉంచుకోకూడదండీ. అడిగింది ఇచ్చాడు కదా స్వామి."

వెళ్ళాం, నేనూ మా ఆయనా. కొండ మీద పీటల మీద కూర్చున్నాం. కథ అయ్యాక పురోహితుడుగారు, మనసులో కోరిక చెప్పుకుని దండం పెట్టుకోండమ్మా అన్నారు. ఆ రెండు డంపులూ ఇప్పించు తండ్రీ అన్నాను. రాయొద్దన్నది నేనేనని తెలిసే అడిగాను.