ఖైరూనత్త అల్లిక మిషన్, నేను పీకిన దారం

నిన్న టీషర్టు మడతపెడుతూ, అంచున వేలాడే దారం పీకబోయి ఆగిపోయాను. ప్రొద్దుటూరులో మగ్గాల ఇళ్లల్లో పెరిగినవాళ్లకు గుర్తుందా? చీర మగ్గం దిగగానే వేలాడే పోగులన్నీ పీకెయ్యడం పిల్లల పని.

మా పక్కింటి ఖైరూనత్త చేత్తో నడిపే అల్లిక మిషన్ మీద బడిపిల్లలకు స్వెట్టర్లు అల్లేది. వరుసగా సన్నటి సూదులు, ప్రతి సూదికీ చిన్న కొక్కెం. వాటిమీద జారే, పిడి ఉన్న క్యారేజీ అనే పెట్టెను అటూ ఇటూ తోస్తే అల్లిక కర్రుకర్రుమంటూ కిందికి దిగేది. బనియన్, టీషర్టు గుడ్డలను గొట్టంలా అల్లే గుండ్రటి మిషన్లు వేరే ఉంటాయని కూడా ఆమే చెప్పింది.

ఒకరోజు అప్పుడే మిషన్ నుంచి తీసిన వీపు ముక్కకు దారం వేలాడుతుంటే పీకాను. తెగలేదు, వస్తూనే ఉంది. అయిపోతుందిలే అని ఇంకా లాగాను. సగం వీపు నా ఒళ్లో దారంగా మారింది.

"ఏంది పాపా చేస్తాండావు? సాయంత్రానికి ఇయ్యాల్నే అది!"

ఇక మిషన్ దగ్గరికి రానివ్వదని ఏడుపు అందుకున్నాను.

"మీ మగ్గం మీద నిలువు పోగులు, అడ్డ పోగులు ఉంటాయి, ఒకటి పీకితే అదొక్కటే వస్తాది. ఈడ అంతా ఒకటే దారం, ఉచ్చులో ఉచ్చు. ఏడ్సేది ఆపి ఉండ చుట్టు."

నేను చుట్టేలోగా, మిగిలిన ఉచ్చులను ఒక్కొక్కటే సూదులకు ఎక్కించింది. తర్వాత క్యారేజీ పిడి నా చేతికిచ్చింది. "ఇప్పింది నువ్వే, అల్లేదీ నువ్వే."

సాయంత్రం ఆ స్వెట్టరు తొడుక్కుని పోయిన పిల్లకు, వీపులో పై సగం ఎవరు అల్లారో ఇప్పటికీ తెలియదు.