కానరాని గ్రహం, బీరపాదు

మా ఇంట్లో నువ్వులు వేసి బీరపొట్టు వేయిస్తే చాలు, ఆ కమ్మటి వాసనకు ఆత్మకూరు దగ్గరి మా ఊరు, నిజాం కాలపు ఆ వానలు, పెరట్లో సాయంత్రం విచ్చుకునే పసుపుపచ్చని పూలు, జొన్నరొట్టె తుంచుకుంటూ పాదుకు కాపలా కూర్చున్న, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, అన్నీ కళ్లముందుకు వస్తాయి. వాటి వెంటే నా తప్పూ వస్తుంది.

మేకను పెరట్లో గుంజకు కట్టి మేపేవాళ్లం. తాడు పొడవు మారనప్పుడు అది మేసే చోటూ మారకూడదు. కాని ఆ ఏడు బీరపాదు రోజుకు బెత్తెడు చొప్పున తరిగిపోసాగింది. అవ్వ అనుమానం మా పెరటి వెనక నుంచి గొర్లను తోలుకుపోయే మల్లయ్య మామ మీద పడింది.

"మా మేక తాడు గీడిదాక రాదు. నీ మందనే మేసింది."

"నా గొర్లకు నీ బీరతీగె మీదనే పానమా వదినే?" అని మామ నవ్వినా అవ్వ నవ్వలేదు. ఏటా ఎరువు కోసం మా చేలో రాత్రిళ్లు ఆయన మందనే పెట్టించి, బదులుగా జొన్నలు కొలిచే అవ్వ, ఈసారి వేరేవాళ్లను పిలుస్తానంది.

నిజానికి రోజూ పొద్దున గుంజ పాతడం నా పని. వానకు పాత గుంత వదులైతే, గట్టినేలలో రాయితో కొట్టే ఓపిక లేక, పాదు వైపు మెత్తటి మట్టిలో బెత్తెడు జరిపి గుచ్చేవాణ్ని.

అప్పట్లో బడికి సెలవైన శుక్రవారం నాడు, మా అరుగు గదిలో కిరాయికుండే బడి సారు పెరట్లో రెండు గుంజలు పాతి, వాటికి ముడేసిన తాడు వదులుగా తగిలించి, పుల్లతో కోడిగుడ్డు ఆకారం గీసి, ఒక గుంజ సూర్యుడనీ, బుధగ్రహం దాని చుట్టూ తిరిగే దారి ఈ గీత అనీ అన్నాడు. సూర్యుడి గుంజను కదపకుండా రెండోదాన్ని కొంచెం కొంచెం జరిపి మళ్లీ మళ్లీ గీస్తే, అది అవ్వ వేసే ముగ్గుపువ్వులా తయారైంది.

"గా దారి జరుగుడెందుకు సారూ?" అంది అవ్వ.

"మిగిలిన గ్రహాలు గుంజుతయి అవ్వా. ఆ లెక్క తీసేసినా జరంత జరుగుడు మిగిలింది. సూర్యుని పక్కన కానరాని గ్రహమేదో ఉన్నదని, పేరు సుత పెట్టి శాస్త్రజ్ఞులు దుర్బీన్లతో దేవులాడిండ్రు. అది లేనేలేదు. సూర్యుని బరువుకు చుట్టూ జాగా, కాలమే వంగుతయట. గా వంపు లెక్కల కలిపితే సరిగ్గ కుదిరింది."

కంచె దగ్గర కర్ర ఆనుకుని చూస్తున్న మల్లయ్య మామ చూపు, పాదు వైపు వరసగా సాగిన పాత గుంతల మీదుగా వచ్చి, చివరి గుంతను తొక్కిపట్టిన నా కాళ్ల మీద ఆగింది.

"లేని గ్రహం మీద నేరం మోపిండ్రా! దాని కత నా కతనే గద వదినే," అని గొంగడి సవరించుకుంటూ పకపక నవ్వాడు.

ఈసారి అవ్వకూ నవ్వొచ్చింది. "నువ్వు నవ్వితె నా బీరకాయలు తిరిగొస్తయా?" అంది. నేనూ నవ్వాను, కాలు మాత్రం గుంత మీంచి తీయలేదు.

మర్నాడు పొద్దున మామ నా చేతిలోని గుంజ తీసుకుని, పాత చోటే రాయితో నాలుగు దెబ్బలు వేసి, "గిట్ల కొట్టాలె అల్లుడా," అన్నాడు. అంతే, ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు ఆయన మంద మా చేలోకి రాలేదు.

ఇప్పుడు ఆ పెరట్లో ఇళ్లు లేచాయి. అవ్వ లేదు, మామ లేడు, గొర్ల మందలు అటు రావడమే మానేశాయి. ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం మా బీరపాదును మల్లయ్య మంద మేసిన సంగతి ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. మేయలేదు. గుంజ జరిపింది నేను.